22 లక్షల ఎస్టిమేట్ చేతికొచ్చాక: పొలం అమ్మే ముందు, చందా అడిగే ముందు

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అక్కకి 34 ఏళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు. జబ్బు ఏఎంఎల్ రకం బ్లడ్ క్యాన్సర్. మొదటి కీమోతో రెమిషన్ వచ్చింది, అంటే జబ్బు అదుపులోకి వచ్చింది, ఇప్పుడు బోన్‌మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ చేయాలంటున్నారు. హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆస్పత్రి 22 లక్షలని ఎస్టిమేట్ ఇచ్చింది. ఇప్పటికే ఆరు లక్షలు ఖర్చయ్యాయి, అందులో నాలుగు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. బావగారు ఖమ్మంలో ఒక సూపర్ మార్కెట్‌లో 17,000 జీతానికి పనిచేస్తారు. మీరడిగింది రెండు ప్రశ్నలు: ఎకరంన్నర పొలం ఇప్పుడే అమ్మేయాలా, ఆన్‌లైన్‌లో క్రౌడ్ ఫండింగ్ పెడితే 22 లక్షలు వస్తాయా?

నా జవాబు ముందే చెప్తాను. పొలం ఈ నెలలో అమ్మకండి. క్రౌడ్ ఫండింగ్ పెట్టండి, కానీ మొదటి పనిగా కాదు, 22 లక్షలకీ కాదు. ఈ డబ్బు పనులకి ఒక వరస ఉంది. ఆ వరస తప్పితే, రావాల్సిన సాయం కూడా రాకుండా పోతుంది.

నేనీ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2009లో మా నాన్నకి బైపాస్ ఆపరేషన్ అన్నారు. ఆస్పత్రిలో అడ్వాన్స్ కట్టమన్నారు, మేం కంగారులో ఊళ్లో ఎకరం అమ్మి తెచ్చి కట్టాం. మూడో రోజు పక్క బెడ్ ఆయన భార్యతో మాటల్లో తెలిసింది, అదే ఆపరేషన్, అదే డాక్టరు, వాళ్లకి ఆరోగ్యశ్రీ కార్డు మీద రూపాయి లేకుండా జరిగిందని. మా దగ్గరా తెల్ల కార్డు ఉంది. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అప్పటి నుంచి వీలైనప్పుడల్లా ఆస్పత్రుల్లో ఇలాంటి కుటుంబాల పక్కన కూర్చుని కాగితాలు చూస్తున్నాను. ఎక్కువ మంది పేదరికం వల్ల కంటే కంగారు వల్ల ఎక్కువ పోగొట్టుకోవడం చూశాను.

ముందు బావగారి జీతం చీటీ తెప్పించండి. వాట్సాప్‌లో ఫొటో పంపమన్నా చాలు. అందులో 'ఈఎస్ఐ' (ఉద్యోగుల ఆరోగ్య బీమా) అని ఒక చిన్న కోత ఉందేమో చూడండి. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, అంటే 17,000 మీద 128 రూపాయలు. అంత చిన్న మొత్తం కాబట్టే ఎవరూ పట్టించుకోరు. పదిమంది, అంతకు మించి పనిచేసే షాపులకి, 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకి ఈఎస్ఐ వర్తిస్తుంది. ఆ కోత ఉందంటే మీ అక్క కూడా, భార్యగా, ఈఎస్ఐ కిందే ఉన్నట్టు. క్యాన్సర్ లాంటి పెద్ద వైద్యానికి కొన్నాళ్లు కంట్రిబ్యూషన్ కట్టి ఉండాలన్న షరతు ఉంది, అది సరిపోతుందో లేదో అడిగి తెలుసుకోండి. సరిపోతే హైదరాబాద్ సనత్‌నగర్‌లోని ఈఎస్ఐ ఆస్పత్రిలో చూపించి, అక్కడ లేని వైద్యానికి టై‌అప్ ఆస్పత్రికి (ఈఎస్ఐతో ఒప్పందం ఉన్నదానికి) రిఫరల్, అంటే అక్కడికి పంపే లెటర్, తీసుకోవచ్చు. ఒకటే జాగ్రత్త: రిఫరల్ లేకుండా మనంతట మనం ప్రైవేటులో చేరి, తర్వాత బిల్లు పట్టుకుని వెళ్తే ఆ డబ్బు రాబట్టడం చాలా కష్టం. అందుకే ఇది మొదట చూడమంటున్నాను.

ఈఎస్ఐ లేదని తేలితే ఆరోగ్యశ్రీ. అక్క పేరు ఇంకా మీ అమ్మానాన్నల కార్డులోనే ఉందని రాశారు. పెళ్లయిన ఆడపిల్లల విషయంలో ఇది ప్రతి రెండో ఇంట్లో కనిపిస్తుంది. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు, ఆస్పత్రి ఫైల్లో పేరు మూడూ ఒకేలా ఉన్నాయో చూడండి, ఇంటిపేరు తేడాతో అప్రూవల్ ఆగిపోయిన కేసులు చూశాను. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి పది లక్షల పరిమితి ఉంది. నెట్‌వర్క్ ఆస్పత్రి అనగానే అన్నీ కార్డు మీద చేస్తారనుకోకండి, ఆస్పత్రిని విభాగాల వారీగా నెట్‌వర్క్‌లో చేరుస్తారు. గుండెకి ఉండి క్యాన్సర్‌కి లేకపోవచ్చు. ప్రతి నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. అక్కడికి ఫైలుతో వెళ్లి సూటిగా రెండు ప్రశ్నలు అడగండి: ఈ ట్రాన్స్‌ప్లాంట్ ప్యాకేజీలో ఉందా, ఏయే ఆస్పత్రుల్లో ఉంది? రిసెప్షన్‌లో అడిగితే సరిపోదు. 104కి ఫోన్ చేసినా చెప్తారు.

ఈ రెండూ అడుగుతూనే నిమ్స్‌లో ఒకసారి రెండో అభిప్రాయం తీసుకోండి. వీలైతే వెల్లూరు సీఎంసీలో కూడా. ఇదే ట్రాన్స్‌ప్లాంట్ ఖర్చు ఆస్పత్రిని బట్టి చాలా మారుతుంది. ప్రభుత్వ సంస్థల్లో బెడ్ కోసం ఆగాల్సి వస్తుంది, అది నిజం. అందుకని డాక్టర్ని ఇలా అడగండి: "సార్, ఎన్ని వారాల్లోపు ట్రాన్స్‌ప్లాంట్ జరగాలి? ఎన్ని వారాలు ఆగినా ఫర్వాలేదు?" మామూలుగా రెమిషన్ వచ్చాక దాన్ని నిలబెట్టడానికి ఇంకో ఒకటి రెండు కీమోలు ఇస్తూ ట్రాన్స్‌ప్లాంట్‌కి సిద్ధం చేస్తారు. మీ చేతిలో ఉన్న టైం అదే. ఆ టైం ఎంతో తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది, ఏ తలుపు ముందు తట్టాలో తెలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం మీరు రాయలేదు: డోనర్ ఎవరు? డోనర్ మ్యాచ్ అవుతారో లేదో చూసే హెచ్ఎల్ఏ టెస్ట్ అయిందా? ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఒకరికొకరు పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. మ్యాచ్ కాకపోతే సగం మ్యాచ్‌తోనూ చేస్తారు, కానీ ఖర్చు, ఇన్ఫెక్షన్ల భయం పెరుగుతాయి. కాబట్టి ఎస్టిమేట్ ఏ డోనర్ని అనుకుని ఇచ్చారో అడగాలి. డోనర్ మీరే అయితే భయపడకండి, నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, ప్లేట్‌లెట్లు తీసినట్టే మెషిన్ ద్వారా రక్తంలోంచి మూలకణాలు తీసుకుంటారు. కానీ అప్పుడు డబ్బుల కోసం తిరిగే పని మాత్రం ఇంకొకరికి అప్పగించండి. మీకు జ్వరం వస్తే అక్క తేదీ వాయిదా పడుతుంది.

ఇప్పుడు ఎస్టిమేట్ సంగతి. మీరు పంపిన వివరాల్లో '22 లక్షలు' అని ఒకటే అంకె ఉంది. అలాంటి కాగితంతో ఎక్కడా పని జరగదు. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్రతో, పేషెంట్ పేరు, ఐపీ నంబరు, జబ్బు పేరు, చేయబోయే వైద్యం, విడివిడి ఖర్చులు, ఆస్పత్రి బ్యాంకు ఖాతా వివరాలు ఉన్న లెటర్ అడిగి తీసుకోండి. ఇవ్వనంటే మెడికల్ సూపరింటెండెంట్‌కి రాసివ్వండి. ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ట్రస్టుల దాకా అందరూ మొదట అడిగే కాగితం ఇదే.

ఆ ఎస్టిమేట్‌లో లేనివి మీరు కలుపుకోవాలి. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత దాదాపు వంద రోజులు ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండమంటారు. అంటే మూడు నెలలకి పైగా శుభ్రమైన గది అద్దె, వండుకోవడానికి గ్యాస్, వారానికి ఒకటి రెండు సార్లు రక్తపరీక్షలు, ఆటో ఖర్చులు. మధ్యలో ఇన్ఫెక్షన్ వస్తే మళ్లీ అడ్మిషన్. బావగారు పని మానేస్తే ఆ జీతం కూడా పోతుంది. రెండేళ్ల క్రితం ఒక కుటుంబం సరిగ్గా ఎస్టిమేట్ అంత డబ్బే పోగుచేసింది. ట్రాన్స్‌ప్లాంట్ బాగా జరిగింది. నలభయ్యో రోజున జ్వరంతో అడ్మిట్ చేయాల్సి వస్తే మళ్లీ వాట్సాప్ గ్రూపులో అడగడానికి ఆ ఇంటాయన చేతులు వణికాయి. "మొన్నే కదా ఇచ్చాం అంటారేమో మేడం" అని ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. ఆ పరిస్థితి మీకు రాకూడదు. మొదటిసారే పూర్తి లెక్క చెప్పి అడగండి.

ప్రభుత్వ నిధుల్లో మూడు గుర్తుపెట్టుకోండి. ముఖ్యమంత్రి సహాయ నిధిలో రెండు దారులున్నాయి. నిమ్స్ లాంటి ప్రభుత్వ సంస్థలో చేయించుకుంటుంటే వైద్యానికి ముందే ఎల్‌ఓసీ అడగవచ్చు. ఇంత మొత్తం ప్రభుత్వం చెల్లిస్తుందని ఆస్పత్రికి ఇచ్చే లెటర్ అది. ప్రైవేటులో అయితే డిశ్చార్జ్ అయ్యాక ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులతో ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టాలి. 2024లో నకిలీ బిల్లుల కేసులు బయటపడ్డాక పరిశీలన గట్టిగా జరుగుతోంది, కాబట్టి ఒక్క బిల్లు కూడా పోగొట్టుకోకండి, జిరాక్సులు తీసి ఒరిజినల్స్ ప్లాస్టిక్ కవర్లో విడిగా పెట్టండి. బిల్లంతా తిరిగి వస్తుందని మాత్రం ఆశపడొద్దు. కార్డు మీద జరిగిన వైద్యానికి మళ్లీ ఇక్కడ అడగలేరు. చెక్కు వచ్చాక దాని మీదున్న తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేసుకోవాలి.

మూడోది ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి. క్యాన్సర్, గుండె ఆపరేషన్, కిడ్నీ మార్పిడి లాంటివాటికి కొంత మొత్తం ఇస్తారు. ఎస్టిమేట్, ఆదాయ సర్టిఫికెట్ కావాలి, మామూలుగా ఎంపీ గారి సిఫారసు లెటర్‌తో పంపుతారు. డబ్బు నేరుగా ఆస్పత్రికి వెళ్తుంది. అయిపోయిన ఖర్చుకి ఇవ్వరు. అందుకే దీన్ని అడ్మిషన్‌కి ముందే పెట్టాలి, ఆస్పత్రి వాళ్ల జాబితాలో ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి. వరస అని నేను పదేపదే అనడం ఇందుకే: ఒకటి ముందు అడగాలి, ఇంకొకటి తర్వాత అడగాలి, తారుమారైతే రెండూ పోతాయి.

మీ కంపెనీ ఇన్సూరెన్స్, పీఎఫ్ గురించి అడిగారు. పెళ్లయిన అక్క మామూలుగా కంపెనీ పాలసీలో ఉండదు. పీఎఫ్‌లో జబ్బు అడ్వాన్సు కూడా మనకి, భార్యాపిల్లలకి, తల్లిదండ్రులకే. బావగారికి పీఎఫ్ ఉంటే ఆయన తీసుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్ వైపు నుంచి ఇది చదివేవాళ్లుంటే, మీకు ఇదే పద్ధతి ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో చూపించుకునే పేదవాళ్లు టీటీడీ ప్రాణదాన ట్రస్టు గురించి తప్పకుండా అడగండి. గుండె ఆపరేషన్ అయితే పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీలో ఉచితం.

ఇవన్నీ అడిగాక, వచ్చేది ఎంత, ఆస్పత్రి ఏది అని తేలాక మిగిలేదే మీరు జనాన్ని అడగాల్సిన మొత్తం. అది ఎనిమిది లక్షలు కావచ్చు, పన్నెండు కావచ్చు. 22 అయితే కాదనే నా నమ్మకం.

అడగడం ఎలా అన్నది ఇంకా పెద్ద విషయం. 2021లో హైదరాబాద్‌లో ఒక చిన్నబాబుకి కావాల్సిన 16 కోట్ల ఇంజెక్షన్‌కి చాలా భాగం జనమే ఇచ్చారు, అది చూసి అందరికీ ఆశ పుడుతుంది. అలాంటివి చాలా అరుదు. నేను దగ్గరగా చూసిన ప్రతి కుటుంబానికీ సింహభాగం తెలిసినవాళ్ల దగ్గర నుంచే వచ్చింది: అక్క పదో తరగతి బ్యాచ్, బావగారి ఊరివాళ్లు, మీ ఆఫీసు, పిల్లల స్కూలు టీచర్లు, గుడి కమిటీ, చర్చి సంఘం. ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చేది ఆ తర్వాతే. పేజీ తెరిచినప్పుడు సున్నా దగ్గర ఉంటే వాళ్లెవరూ ముట్టుకోరు. కాబట్టి మిలాప్, కెట్టో, ఇంపాక్ట్ గురు, ఇలాంటి క్రౌడ్ ఫండింగ్ సంస్థ ఏదైనా సరే, పేజీ తెరిచిన మొదటి రెండు రోజులు బయట ఎక్కడా పెట్టకండి. మీ దగ్గరివాళ్లు ముప్ఫై మందికి ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్. వాళ్లంతా వేశాక అప్పుడు ఫేస్‌బుక్‌లో పెట్టండి. పేజీ పెట్టేముందు ఆ సంస్థ ఎంత ఫీజు కోస్తుందో, డబ్బు నేరుగా ఆస్పత్రికి పంపే వీలుందో రాతపూర్వకంగా అడగండి. దాతలు చెల్లించేచోట 'టిప్' అని అదనపు మొత్తం ముందే నింపి కనిపిస్తుంది, అది తప్పనిసరి కాదని మీవాళ్లకి చెప్పండి.

మీరు రాసిన డ్రాఫ్ట్ చూశాను. "దయగల దాతలారా, ఒక నిరుపేద తల్లి ప్రాణాలు కాపాడండి" అని మొదలవుతుంది. అది చదివినవాళ్లకి మీ అక్క కనబడదు. ఇలా రాసి చూడండి:

"మా అక్క ఖమ్మంలో ఇంటి దగ్గర టైలరింగ్ చేస్తుంది. వీధిలో సగం మంది ఆడపిల్లల ఓణీల ఫంక్షన్ బట్టలు అక్కే కుట్టింది. మార్చిలో బ్లడ్ క్యాన్సర్ అని తెలిసింది. మొదటి కీమో పనిచేసింది. ఇప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే నయమయ్యే అవకాశం ఉందని డాక్టర్లు చెప్పారు. మొత్తం ఖర్చు ఇంత. ప్రభుత్వం నుంచి ఇంత వస్తోంది. మా కుటుంబం ఇంత పెట్టుకుంటోంది. ఇంకా తక్కువైంది ఇంత. ఫలానా తేదీలోపు కట్టాలి. ఆస్పత్రి లెటర్ కింద ఉంది. మీరు 500 ఇచ్చినా మాకు పెద్దదే. ఎవరెంత ఇచ్చారో, ఎంత ఖర్చయిందో ప్రతి ఆదివారం ఇక్కడే పెడతాను."

టైలరింగ్ సంగతి మీ ఉత్తరంలో చివర ఒక్క ముక్కలో ఉంది. నాకు అక్క అక్కడే కనిపించింది. ఆస్పత్రి లెటర్‌లో ఆధార్ నంబరు, ఇంటి అడ్రసు ఉంటే అవి చెరిపి పెట్టండి. ఫొటో మాత్రం అక్కని అడక్కుండా పెట్టొద్దు. జుట్టు ఊడిన ఫొటో, పిల్లలు ఏడుస్తున్న వీడియో పెడితే ఎక్కువ వస్తాయని కొందరు చెప్తారు. ఒకావిడ కోలుకుని ఇంటికి వెళ్లాక, ఊళ్లో అందరి ఫోన్లలో తన ఆ ఫొటో ఉందని తెలిసి బయటికి రావడం మానేసింది. కుట్టు మిషన్ ముందు కూర్చుని నవ్వుతున్న ఫొటో ఉంటే అది పెట్టండి.

ఖాతా విషయం. అక్క పేరు మీదో, బావగారి పేరు మీదో పూర్తి కేవైసీ ఉన్న విడి ఖాతా వాడండి. కేవైసీ పూర్తికాని చిన్న ఖాతాలో ఏడాదికి లక్ష రూపాయలకి మించి జమ కావడానికి వీల్లేదు, సరిగ్గా డబ్బు వస్తున్నప్పుడు ఖాతా ఆగిపోతుంది. బ్యాంకు మేనేజర్‌ని ముందే కలిసి, చాలామంది నుంచి వైద్యం కోసం డబ్బు రాబోతోందని చెప్పి, ఎస్టిమేట్ కాపీ ఇవ్వండి. బంధువులు కానివాళ్ల నుంచి వచ్చే మొత్తం 50,000 దాటితే ఆదాయపు పన్ను ప్రశ్న రావచ్చు, ఒక ఆడిటర్‌ని కలిసి అన్ని బిల్లులూ జతచేసి ఉంచుకోండి. వ్యక్తులకి నేరుగా ఇచ్చే సాయానికి, విరాళాలకి పన్నులో ఇచ్చే 80జి మినహాయింపు రాదు, అడిగినవాళ్లకి అది స్పష్టంగా చెప్పండి. డాలస్‌లో ఉన్న మీ పిన్నిగారబ్బాయి స్నేహితుల్లో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్యాంకు ద్వారా మామూలుగా పంపవచ్చు. అమెరికా పౌరులైనవాళ్లు ఇచ్చేది విదేశీ విరాళం కింద లెక్క, వాళ్లని విదేశీ చెల్లింపులు తీసుకునే ప్లాట్‌ఫామ్ పేజీలోనే వేయమనండి.

పేజీ పెట్టిన రోజు నుంచే ఫోన్లు వస్తాయి. "మీకు ఐదు లక్షలు శాంక్షన్ అయింది, ప్రాసెసింగ్‌కి 4,000 పంపండి" అంటారు. "వీడియో మేం తీస్తాం, వచ్చినదాంట్లో మాకు వాటా" అంటారు. ఒక్క రూపాయి పంపొద్దు. డబ్బు రావడానికి మనం యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. ఒకవేళ మోసపోతే ఆ గంటలోనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

డబ్బు ఇవ్వలేనివాళ్లు "నేనేం చేయగలను" అని అడుగుతారు. వాళ్లని ఊరికే పంపకండి. ప్లేట్‌లెట్లు కావాలి. అక్క బ్లడ్ గ్రూపుకి సరిపోయే పదిహేను మంది పేర్లు, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి వార్డులో పెట్టుకోండి. ఒకసారి ప్లేట్‌లెట్లు ఇచ్చినవాళ్లు 48 గంటల తర్వాత మళ్లీ ఇవ్వొచ్చు, వారానికి రెండుసార్ల దాకా. రాత్రి పదకొండింటికి బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆ కాగితం విలువ తెలుస్తుంది.

ఇక ఆ మూడు రూపాయల వడ్డీ. నాలుగు లక్షల మీద నెలకి 12,000. బావగారి జీతం 17,000. ట్రాన్స్‌ప్లాంట్ కంటే ముందు ఆ కుటుంబాన్ని ముంచేది ఇదే. ఇంట్లో, బంధువుల్లో ఎవరి దగ్గరైనా బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకుని ఈ అప్పు ముందు తీర్చేయండి. పొలం అమ్మక తప్పదని చివరికి తేలితే అప్పుడు అమ్ముదురు గాని, అవసరంలో ఉన్నారని తెలిసినవాడు ధర సగానికి అడుగుతాడు. నెల ఆగి, ఇద్దరు ముగ్గురు కొనేవాళ్లతో మాట్లాడి, కావాల్సినంత మేరకే అమ్మొచ్చు.

ఒక మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను. డాక్టర్ని, అక్క పక్కన లేనప్పుడు, సూటిగా అడగండి: నయమయ్యే అవకాశం ఎంత, మళ్లీ తిరగబెడితే ఏం చేస్తారు? ఆ జవాబు విన్నాకే ఎంత అప్పు చేయాలో బావగారు, మీరు, అమ్మానాన్నలు కూర్చుని నిర్ణయించుకోండి. డబ్బు మిగిలితే ఏం చేస్తారో పేజీలో మొదటే రాయండి, పిల్లల చదువుకా, ఇంకో పేషెంట్‌కా అన్నది. ఇచ్చినవాళ్లు అది గుర్తుపెట్టుకుంటారు.

రేపు సోమవారం. పొద్దున్నే బావగారి జీతం చీటీ, మధ్యాహ్నం ఆరోగ్యమిత్ర కౌంటరు, సాయంత్రానికి విడివిడి ఖర్చుల ఎస్టిమేట్. మీ హెచ్ఎల్ఏ టెస్ట్ తేదీ కూడా అడిగి రండి. ఎస్టిమేట్ చేతికొచ్చాక ఆధార్ నంబరు కనిపించకుండా ఇక్కడ పెట్టండి, ఒక్కో లైను కలిసి చూద్దాం.